కొన్నవాడి చెయ్యి

4వ తేదీ, సోమవారం

ఈ పుస్తకం కాయితాలాయన ఇచ్చాడు. కొత్త ఆఫీసరు. వచ్చి రెండు నెలలు కాలేదు, స్టోరు తలుపు మీద బోర్డు మార్చేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళు అక్కడ పర్చేజ్ అని ఉండేది. ఇంగ్లీషులో నాకు చదవడం వచ్చిన మాట అదొక్కటే. ఇప్పుడు దానికి రెండింతల పొడుగు మాట రాయించాడు. ప్రొక్యూర్‌మెంట్. నాలుక తిరగడానికే ఒక పూట పట్టింది.

"పెద్దాయనా, మంచి తాడు ఎలా ఎంచుతారో ఇందులో రాయండి. మీ విద్య మీతోనే పోకూడదు" అన్నాడు.

నేను పోతానని వీడికెవడు చెప్పాడు?

పుస్తకం తీసుకున్నాను. అతని మాట రాయను. నా మాట రాసుకుంటాను. చూపించను.

5వ తేదీ

అతనికేం తెలుసు. పొగగొట్టానికి రంగెయ్యాలంటే మనిషి చెక్క ఊయల మీద నిలబడాలి. ఊయల తాడు మీద నిలబడాలి. తాడు నా మాట మీద నిలబడాలి. ఇన్నేళ్ళలో నేను కొన్న తాడు మీంచి ఒక్కడూ పడలేదు. ఒక్కడూ.

నేనెలా కొంటానో ఊరంతటికీ తెలుసు. కొట్లోకెళ్ళి కళ్ళు మూసుకుంటాను. తాడు పురి కొద్దిగా విప్పి, మూడు పేటల మధ్యకి చూపుడువేలు దూర్చుతాను. లోపల నార ఎండిందా, ముక్కిందా, పొట్టు రాలుతోందా, అంతా వేలు చెబుతుంది. కన్ను చూడకూడదు. పైన నూనె రాసి నిగనిగలాడిస్తారు, కన్ను దానికి పడిపోతుంది. వేలికి ఎవడూ నూనె రాయలేడు.

నచ్చిన చుట్టకి రెండు కొసలా ఎర్ర దారం చుట్టి ముడేస్తాను. దారం మా అమ్మాయి కుట్టుమిషను మీది రీలు. ఆ దారం లేని తాడుని మావాళ్ళెవరూ ముట్టరు. నన్ను వాళ్ళు తాడు తాత అంటారు.

వానలకి ముందు మూడు చుట్టలు కొన్నాను. ఎర్ర దారం పేరు ఎంత దూరం పోయిందంటే, మన కంపెనీ కాని మనిషెవడో నిచ్చెన భుజానేసుకుని వచ్చాడు. "తాతా, నీ దారం కట్టిన తాడు ఒకటి ఇప్పించు, మేమూ ఎత్తులోనే పని" అన్నాడు. అందులో ఒక చుట్ట ఇప్పించాను. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. నా దారం వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి ఆరా తియ్యడమేంటి.

6వ తేదీ

ఇవాళ కాయితాలాయన్ని అడిగేశాను. "బాబూ, కొనడం కొనడమే కదా, దానికి రెండు మాటలెందుకు?"

కుర్చీ లాగి కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"పర్చేజ్ అంటే కొనడం పెద్దాయనా. కొట్టుకి వెళ్ళాం, చూశాం, తెచ్చాం. అక్కడికి అయిపోయింది. రెండోది అలా అయిపోదు. అసలు మనకేం కావాలి, ఎవరు చేశారు, ఎవరు పరీక్ష చేశారు, వచ్చాక ఏ పనికి వెళ్ళింది, ఎవరి చేతికి వెళ్ళింది, ఎప్పుడు పారెయ్యాలి. తాడు చచ్చేదాకా అది మన తాడే."

"అంటే పెళ్ళి చేసుకోవడం ఒకటీ, కాపురం చెయ్యడం ఇంకొకటీ. అంతేగా?"

నవ్వాడు. "అంతే."

"అయితే నేను ముప్పై ఎనిమిదేళ్ళుగా కాపురమే చేస్తున్నాను బాబూ. మీరే పెళ్ళి పత్రికలు అచ్చేయించుకుంటున్నారు."

స్టోర్లో వాళ్ళంతా పగలబడి నవ్వారు. అతను కూడా నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు, "వానలకి ముందు కొన్న మూడు చుట్టలూ ఇప్పుడెక్కడున్నాయి?"

"ఒకటి ఇక్కడే ఉంది, మీ వెనకాల. మిగతావి పనిలో ఉంటాయి. తాడు పనిలో ఉండక పెట్టెలో ఉంటుందా" అన్నాను.

జవాబు బాగా చెప్పాను.

7వ తేదీ

చొక్కా గుండీలు ఈ మధ్య మరీ చిన్నవి చేస్తున్నారు. పెట్టుకోడానికి పావుగంట.

9వ తేదీ, శనివారం

మా ఆవిడ గోల. నేను పొయ్యి మీంచి గిన్నె దించానట, మసిగుడ్డ లేకుండా. చూపుడువేలు బొబ్బెక్కింది. "చెయ్యి కాలుతుంటే తెలియలేదా నీకు?" అంటుంది. నాకేం, నా చేతులు తాడు రాపిడికి రాయైపోయినవి. రాయికి వేడేంటి.

"పోయిన నెల డాక్టరు ఏమన్నాడో మర్చిపోయావా? షుగరుకి వేళ్ళు మొద్దుబారతాయన్నాడు."

డాక్టరు పిన్నుతో గుచ్చి "తెలుస్తోందా?" అన్నాడు. తెలుస్తోందన్నాను. గుచ్చడం కనిపించింది కదా మరి.

11వ తేదీ, సోమవారం

కాయితాలాయన తాళ్ళు వచ్చాయి. తెల్లగా, సబ్బుతో కడిగినట్టు. ఒక్కో చుట్టకీ చీటీ. మిషనులో పెట్టి ఎంత బరువుకి తెగుతుందో లాగి చూశారట, ఆ అంకె చీటీ మీద ఉందట.

మావాళ్ళంతా నా మొహం చూశారు.

అతను అందరి ముందే అన్నాడు, "పెద్దాయనా, మీరూ ఒకసారి చూసి దారం కట్టండి. వీళ్ళకి ధైర్యం."

కళ్ళు మూసుకుని వేలు దూర్చాను. ఏమీ చెప్పలేదు తాడు. ఒట్టి మూగ తాడు.

"దీన్లో ప్రాణం లేదు. నేను కట్టను" అన్నాను.

అల్లుడు కూడా అక్కడే ఉన్నాడు. మావాళ్ళకి వాడే మేస్త్రి. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. అంటే తెల్ల తాడు వాడు కూడా ముట్టడన్నమాట. నా అల్లుడు.

12వ తేదీ

అల్లుడికి పాత ఫ్యాక్టరీ పొగగొట్టం పని పడింది. రెండు వారాలు, మకాం అక్కడే. బస్సులో అరగంట దూరం. కాయితాలాయన తెల్ల తాడు తీసుకెళ్ళమన్నాడట. వీడు సరేనని తలూపి, వానలకి ముందు కొన్నప్పట్నుంచీ ఇంట్లో పడున్న నా ఎర్ర దారం చుట్ట బండిలో వేసుకున్నాడు.

బయల్దేరేముందు వాడికొక అలవాటు ఉంది. ఎర్ర దారాన్ని వేలితో రెండుసార్లు తట్టి, "మావయ్యా, నీదే భారం" అంటాడు. ఇవాళా అన్నాడు.

అమ్మాయి గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఆఫీసరు చెప్పినట్టు ఆ తెల్లది కూడా ఒకటి వెంట ఉంచుకోమను" అంది.

"నువ్వు కుట్టేది జాకెట్లు. తాళ్ళ సంగతి మాకొదిలెయ్" అన్నాను.

14వ తేదీ

గాలి. పొద్దున్నుంచీ తలుపులు కొట్టుకుంటున్నాయి.

15వ తేదీ

మిగతా జట్లు కూడా తెల్ల చుట్టలు స్టోరుకి తిప్పి పంపేశాయి. దారం లేదు కాబట్టి ఎక్కబోమన్నారు. కాయితాలాయన మొహం చూడాలి. నాకేం మాట్లాడాల్సిన పని లేకపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళే మాట్లాడాయి.

స్టోర్లో ఉన్న నా చుట్ట నుంచి మూరెడు కోసి ఇంటికి తెచ్చాను. తెల్ల తాడు ముక్క కూడా తెచ్చాను. రెండూ పక్కపక్కన పెట్టి, ఆ తెల్లదానిలో లోపమేంటో పట్టుకుంటాను. సోమవారం అతని బల్ల మీద పెడతాను.

16వ తేదీ, శనివారం

మా ఆవిడ నా కుర్చీ కింద ఊడుస్తూ, "ఏంటయ్యా ఈ పొట్టు? పొద్దున ఊడిస్తే మళ్ళీ ఇంత" అంది. గోధుమరంగు పొట్టు.

కుర్చీకి పురుగు పట్టి ఉంటుందన్నాను.

"ఇనప కుర్చీకా?" అంది.

17వ తేదీ, ఆదివారం

ఏమీ జరగలేదు.

18వ తేదీ, సోమవారం

నిన్నటిది రాస్తాను. ఇది ఎవరూ చూసేది కాదు.

కళ్ళు మూసుకుని కూర్చుని రెండు ముక్కలూ చూస్తున్నాను. మా ఆవిడ ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆవిడకి పరాచికాలెక్కువ. "ఏదీ, నేనిస్తా, ఏదేంటో చెప్పు" అని ఒకటి చేతిలో పెట్టింది. వేలు దూర్చాను.

"తెల్లది. మూగది" అన్నాను.

ఇంకోటి పెట్టింది.

"ఇది నాది. చూడు, పేట ఎంత బిగువో."

కిసుక్కున నవ్వింది. మళ్ళీ ఒకటి పెట్టింది. అదీ నాదే అన్నాను. ఈసారి నవ్వలేదు. కళ్ళు తెరిచాను. నా చేతిలో ఉన్నది ఆవిడ జడ. కొస నా వేళ్ళ మధ్య పెట్టింది. మొదట మూగదన్నది నా తాడు. నాదన్నది తెల్ల తాడు.

ఆవిడ మెల్లగా జడ లాక్కుని, "ఎప్పట్నుంచి?" అంది.

"ఏది ఎప్పట్నుంచి?"

"వేలు."

ఒళ్ళోకి చూసుకున్నాను. పంచె నిండా గోధుమరంగు పొట్టు. నా తాడులోంచి రాలింది. పేటలు విడదీసి చూశాను. నా జన్మలో తాడు లోపలికి కళ్ళతో చూడ్డం అదే మొదలు. పైన నూనె మెరుపు. లోపల నార తడి తగిలిన అగరొత్తి బూడిదలా ఉంది. గిల్లితే ఊడి వచ్చింది. గిల్లినట్టు నాకు తెలియలేదు, ఊడి రావడం కనిపించింది.

ఒక్క ముక్క చూసి చుట్టంతా పాడైందనకూడదు. ఆ చుట్ట స్టోర్లో గోడ పక్కన ఉంది, చెమ్మ తగిలి ఉంటుంది. అల్లుడి చుట్ట ఇంట్లోనే పొడిగా ఉంది కదా. అది వేరు.

ఒకే కొట్టు. ఒకే రోజు. ఒకే వేలు.

ఇవాళ ఆఫీసుకి వెళ్ళాను. కాయితాలాయన "పెద్దాయనా, పుస్తకం ఎంతవరకు వచ్చింది?" అన్నాడు. వస్తోందన్నాను. ఇంకేమీ అనలేదు. ఎందుకు అనలేదో నాకే తెలియదు. తెలుసు.

నేను ఆఫీసులో చెప్పలేదని తెలిసి మా ఆవిడ మధ్యాహ్నం నుంచి నాతో మాట్లాడ్డం లేదు. సాయంత్రం గాలి ఎక్కువైంది. అమ్మాయి ఫోన్లో అల్లుడితో నవ్వుతూ మాట్లాడుతోంది. నీ మాటగా ఏమైనా చెప్పాలా అని నన్నడిగింది.

జాగ్రత్తగా ఉండమని చెప్పన్నాను.

19వ తేదీ, మంగళవారం

ఎడమచేత్తో రాస్తున్నాను. గీతలు వంకర.

పొద్దున కాఫీ ఇస్తూ మా ఆవిడ ఒక్క మాట అంది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. కాలినట్టే తెలియనివాడు ఏం పట్టుకుంటాడు?" చెప్పులేసుకున్నాను. అన్నం క్యారియరు ఖాళీది చేతికి తగిలితే అదే పట్టుకుని బస్సెక్కాను. ఎందుకు పట్టుకున్నానో.

నేను వెళ్ళేసరికి వాడు పైనున్నాడు. పొగగొట్టం సగం తెల్లగా సగం నల్లగా ఉంది. ఆ రెండు రంగులూ కలిసే చోట ఊయల గాలికి కొట్టుకుంటోంది. వాడు పిట్టంత ఉన్నాడు.

కింద ఇద్దరు మావాళ్ళు తాడు పట్టుకుని ఉన్నారు. "తాతా, నువ్వేంటి ఇలా?" అన్నాడొకడు. వాడి జుట్టు నిండా గోధుమరంగు పొట్టు. పైన కప్పీ దగ్గర తాడు తిరిగినప్పుడల్లా రాలుతోంది. ధూళి అనుకున్నారు వాళ్ళు.

తాడు పాడైందని అరవబోయాను. నోరు మూసుకున్నాను. అరిస్తే వాడు తుళ్ళిపడతాడు. తుళ్ళిపడితే చాలు ఆ తాడుకి.

క్యారియరు పైకెత్తి ఊపాను. "అన్నం తెచ్చాను, దిగు" అని కేకేశాను. పైనుంచి వాడు చెయ్యి ఊపాడు, ఇంకో రెండు గీతలేసి వస్తానని. రెండు గీతలు. ఒకటి వేశాడు. బ్రష్షు ముంచాడు. రెండోది వేశాడు. నా జన్మలో అంత పొడుగు గీతలు చూడలేదు.

"మెల్లగా దించండి" అన్నాను ఆ ఇద్దరితో. "కుదుపు వద్దు. గుడ్డు దించినట్టు దించండి." నేనూ తాడు పట్టుకున్నాను. "తాతా నువ్వొద్దు" అన్నారు. వదల్లేదు. కళ్ళు పైనే ఉన్నాయి. తాడు నా చేతిలోంచి జారుతూ పోతోంది. ఒకచోట పైన చిటుక్కుమంది. ముగ్గురం విన్నాం. ఊయల ఒక పక్కకి జానెడు ఒరిగింది. వాడు ఒక చేత్తో అంచు పట్టుకుని కిందకి చూశాడు. నవ్వుతున్నాడో ఏమో, అంత దూరం నాకు కనిపించదు.

వాడి కాలు నేలకి తగిలింది.

"ఏంటి మావయ్యా, నాకు పురుడొచ్చినట్టు అన్నం మోసుకొచ్చావ్?" అన్నాడు. క్యారియరు మూత తీసి చూశాడు. ఖాళీ. నా మొహం చూశాడు. తర్వాత నా చెయ్యి చూశాడు. "మావయ్యా, రక్తం."

అప్పుడు చూసుకున్నాను. కుడి అరచెయ్యి చర్మం తాడుతోపాటు పోయింది. తాడు ఎర్రగా ఉంది, రెండు బారలు. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

"తాడు కొయ్యి" అన్నాను.

"ఎర్ర దారం ఉందిగా?"

"అందుకే కొయ్యమంటున్నాను."

కత్తి తీసి కోశాడు. కప్పీ మీద ఆనిన చోట. మూడు పేటల్లో ఒకటి అప్పటికే తెగిపోయి ఉంది. ఇంకొకటి కత్తి తగలకముందే చేతిలోకి వచ్చింది. మిగిలిన ఆ ఒక్కదాని మీదే వాడు దిగాడు.

వాడు నేల మీద కూర్చుండిపోయాడు. నేనూ కూర్చున్నాను. చెప్పాను. వేలు సంగతి, డాక్టరు పిన్ను సంగతి, మా ఆవిడ జడ సంగతి. ఆదివారం తెలిసిందని కూడా చెప్పాను.

"ఇవాళ మంగళవారం" అన్నాడు వాడు.

అంతే అన్నాడు. బస్సులో నా పక్కన కూర్చోలేదు.

20వ తేదీ

స్టోరుకి వెళ్ళి అందరి ముందూ చెప్పాను. తలొంచుకుని చెప్పలేదు, తలెత్తే చెప్పాను. నా వేలు చచ్చి ఎన్నాళ్ళయిందో నాకు తెలియదు, వానలకి ముందైతే చచ్చే ఉంది, ఆ దారాన్ని నమ్మకండి అన్నాను. ఒకడు, "అయితే దేన్ని నమ్మాలి తాతా?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

"చీటీ చదువు. ఆనక కోసి చూడు" అన్నాను. నా నోటితో.

కాయితాలాయన నన్ను లోపలికి పిలిచాడు. ఈసారి కూర్చోమంటే కూర్చున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మొత్తం మూడు చుట్టలన్నారు. స్టోర్లోది ఒకటి, పొగగొట్టం దగ్గరది ఒకటి. మూడోది?"

చెప్పాను. నిచ్చెన. ఎత్తులో పని. ఎర్ర దారం కావాలన్నాడు.

"పేరు?"

అడగలేదన్నాను.

"ఏ ఊరు? ఎవరి దగ్గర పని? ఫోను?"

ఆ ప్రశ్నలన్నీ ఆవేళే అతను నాకు ఒప్పజెప్పాడు. ఎవరి చేతికి వెళ్ళింది, ఎప్పుడు పారెయ్యాలి. నేను పెళ్ళీ కాపురం అని నవ్వించాను.

అతను ఫోను దగ్గరకి లాక్కుని ఎత్తు పనులు చేసేవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ చెయ్యడం మొదలుపెట్టాడు. ప్రతివాడికీ అదే మాట, "కొసకి ఎర్ర దారం చుట్టిన తాడు మీ దగ్గరేమైనా ఉందా? ఉంటే ఎక్కకండి." సాయంత్రం దాకా చేశాడు. నలుగురు ఉందన్నారు. వెళ్ళి చూస్తే నాలుగూ నేను కట్టినవి కావు. నా దారం చూసి వాళ్ళే కట్టుకున్నారట, మనుషులు ధైర్యంగా ఎక్కుతారని.

21వ తేదీ

తాళ్ళు కొన్న కొట్టుకెళ్ళాను, ఆ నిచ్చెనవాణ్ణెవరైనా చూసి ఉంటారేమోనని. పాతాయన పోయాడట, కొడుకు ఉన్నాడు. "మీరు కళ్ళు మూసుకుని చూశారు, బాగుందన్నారు, తీసుకెళ్ళారు. మధ్యలో మాదేముంది?" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు.

అల్లుడు మాట్లాడాడు. మళ్ళీ పొగగొట్టం ఎక్కుతున్నాడు, తెల్ల తాడు మీద. బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు. వేలు పైకెత్తాడు, తట్టడానికి తాడు కొసన ఏమీ లేదు. చెయ్యి దించేసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మాయి మిషను మీంచి ఎర్ర రీలు తీసేసింది. ఎక్కడ పెట్టిందో నేనడగలేదు.

23వ తేదీ, శనివారం

కాయితాలాయనకి ఈ పుస్తకంలోంచి ఒక పేజీ చించి ఇచ్చాను. మంచి తాడు ఎలా ఎంచాలో రాశాను. ముందు కళ్ళు తెరవాలి, అని మొదలుపెట్టాను. మిగతాది పెద్దగా లేదు. ఆఖరున, ఎవడికిచ్చావో రాసుకో, అని రాశాను. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడో చుట్ట జాడ ఇంకా లేదన్నాడు.

రోజూ పొద్దున్నే బస్టాండుకి వెళ్ళి కూర్చుంటున్నాను. నిచ్చెన మోసేవాడు కనిపిస్తే లేచి మొహం చూస్తున్నాను. ఇప్పటికి పదకొండు మంది. వాడి మొహం సరిగా గుర్తు లేదు. చుట్ట అందుకుంటూ రెండు చేతులూ చాపాడు, అదే గుర్తుంది. "తాతా, ఇంక భయం లేదు" అన్నాడు.

ఇవాళ గాలి లేదు. ఎండ బాగా కాసింది. ఎత్తు పనికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. ఎక్కడో ఏదో గోడ మీద వాడు ఈపాటికి ఊయల కట్టుకుని ఉంటాడు. కొస వెతికి, ఎర్ర దారం ఉందో లేదో చూసుకుని, కాలు పెడుతూ ఉంటాడు.